పుంటికూర అడిగితే గోంగూర దొరకాలి: సెర్చ్‌లో పైకి రావడానికి పర్యాయపదాలు, చుట్టపు మాటలు వాడే పద్ధతి

గుంటూరు బ్రాడీపేటలో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక పిన్నిగారి వెబ్‌సైట్ పని నేనే చూస్తాను. ఒక వేసవిలో లెక్కలు చూద్దామని వాళ్లింటికి వెళ్లి కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. ఆవిడ చేతులు కారంలో ఉన్నాయి, స్పీకర్ ఆన్ చేసింది నేనే.

"మీ దగ్గర పుంటికూర తొక్కు దొరుకుతదా అమ్మా?"

"గోంగూర పచ్చడేగా, ఉందమ్మా. పండుమిర్చిదా, ఎండుమిర్చిదా?"

"ఎండుమిర్చిదే. కిలో పంపుతరా కరీంనగర్‌కి?"

అర నిమిషంలో బేరం కుదిరిపోయింది. ఆవిడ మళ్లీ కారం కలుపుకుంటుంటే నేను ల్యాప్‌టాప్ తెరిచి సైటంతా వెతికాను. పుంటికూర అన్న మాట ఒక్కచోటా లేదు. తొక్కు అన్నదీ లేదు. పిన్నిగారి నోటికి తెలిసిన సంగతి ఆవిడ సైటుకి తెలియదు. ఆ సైటు రాసింది నేను.

అప్పటి నుంచి ఏ సైటు పట్టుకున్నా నేను పాటిస్తున్న వరస ఇది. ఉదాహరణలు ఎక్కువగా పచ్చళ్లవే. బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లకైనా, లబ్బీపేటలో పళ్ల డాక్టరుకైనా చేయాల్సిన పని మాత్రం ఇదే.

గూగుల్‌కి ఇప్పటికే తెలియదా?

చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇది. ఒకప్పుడు సెర్చ్ ఇంజిన్ అక్షరాలు కలిశాయా లేదా అనే ఎక్కువగా చూసేది. 2013లో వచ్చిన హమ్మింగ్‌బర్డ్ మార్పుతో గూగుల్ ప్రశ్న మొత్తాన్ని కలిపి చూడడం మొదలుపెట్టింది. మాటల అర్థం పట్టుకోవడానికి 2015లో ర్యాంక్‌బ్రెయిన్, 2019లో బెర్ట్ అన్న ప్రోగ్రాములు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లీషుతో మొదలైన బెర్ట్ డిసెంబరుకల్లా 70కి పైగా భాషలకు విస్తరించింది. కాబట్టి "ఫోన్", "మొబైల్" ఒకటేనని దానికి మీరు చెప్పక్కర్లేదు.

మరి ఈ శ్రమంతా ఎందుకంటే, అది నేర్చుకునేది జనం రాసిన పేజీలను చూసే. ఇంగ్లీషులో ఒక్కో వస్తువు మీద కుప్పలుతెప్పలుగా పేజీలున్నాయి. తెలుగులో, అందులోనూ మాండలికంలో, అంత రాత ఎక్కడుంది? బుడ్డలు, శనక్కాయలు, పల్లీలు, వేరుశనగలు ఒకటేనని పోల్చుకోవడానికి దానికి ఆధారం కావాలి. ఆ ఆధారం మీ పేజీలో ఉంటే లాభం మీకే.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. చుట్టపు మాటలు అని నేను పిలుచుకునేవి కొన్నున్నాయి. ఆవకాయ అన్నచోట ఆవపిండి, నువ్వులనూనె, టెంక, జాడీ లేకుండా ఎవరైనా మాట్లాడగలరా? సంగతి తెలిసినవాడు రాస్తే ఆ మాటలు పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి. అవి లేని పేజీ చదివితే మనిషికే అనుమానం వస్తుంది, వీడు ఎప్పుడైనా ఆవకాయ కలిపాడా అని.

ఇక్కడే ఒక హెచ్చరిక. "ఎల్‌ఎస్‌ఐ కీవర్డ్స్" (కీవర్డ్స్ అంటే సెర్చ్‌లో కొట్టే మాటలు) పేరుతో జాబితాలు అమ్మేవాళ్లు ఇప్పటికీ తిరుగుతున్నారు. ఎల్‌ఎస్‌ఐ అంటే లేటెంట్ సెమాంటిక్ ఇండెక్సింగ్, 1980ల చివర్లో చిన్న చిన్న పత్రాల గుట్టల్లో వెతకడానికి కనిపెట్టిన లెక్క. అలాంటి కీవర్డ్స్ అంటూ ఏవీ లేవని గూగుల్ ప్రతినిధి జాన్ ముల్లర్ 2019లో తేల్చి చెప్పారు కూడా. ఎవరైనా ఆ ప్యాకేజీ పట్టుకుని వస్తే చల్లటి మజ్జిగ ఇచ్చి పంపించండి.

మొదటి అడుగు: పేజీకి ఒకే పని

మాటలు వెతకడానికి ముందు, ఈ పేజీకి వచ్చినవాడు ఏం చేసి వెళ్లాలో ఒక వాక్యంలో రాసుకోండి. "గోంగూర నిల్వ పచ్చడి కొనాలి." అంతే. ఎలా చేసుకోవాలో తెలుసుకోవడం వేరే పని, దానికి వేరే పేజీ. ఈ వాక్యం లేకుండా మాటలు ఏరితే పెళ్లికి వచ్చిన కూరగాయల బండిలా అన్నీ వచ్చి పడతాయి, ఏది ఏ వంటకో తెలియదు.

రెండో అడుగు: మాటలు ఏరడం

టూల్స్‌తో మొదలుపెట్టకండి. ముందు ఫోన్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టించండి. పిన్నిగారికి నేను చెప్పింది ఒక్కటే: "వాళ్లు ఏ మాట అంటే ఆ మాటే రాయండి, మీ మాటలోకి మార్చొద్దు." మొదటి వారం ఆవిడ మార్చేసి రాశారు, అంతా "గోంగూర పచ్చడి" అనే ఉంది. రెండో వారం నుంచి అసలు రుచి వచ్చింది. "కొరివికారం ఉందా", "పండుమిరపకాయ పచ్చడి", "పండుమిర్చి తొక్కు"... మూడూ ఒకటే సరుకు. "పప్పునూనెతో పెట్టారా" అని ఒక పెద్దాయన, "జింజెల్లీ ఆయిలా, రిఫైన్డా" అని బెంగళూరు నుంచి ఒక అమ్మాయి. ఇద్దరిదీ ఒకటే ప్రశ్న. "ఎల్లిగడ్డ వేయనిది" అన్నవాళ్లున్నారు. ఈ చివరిది చూడండి, అందులో వెల్లుల్లికి పర్యాయపదం ఉంది, అంతకంటే విలువైన సంగతి ఒకటి ఉంది: వెల్లుల్లి లేని పచ్చడి కోసం వెతికేవాళ్లు ఉన్నారు.

వాట్సాప్‌లో వచ్చిన పాత ఆర్డర్లు తిరగేయండి. అక్కడ జనం మాటల్ని అక్షరాలుగా కొట్టి పెట్టారు, మీకు సగం పని అయిపోయినట్టే.

తర్వాత గూగుల్. ప్రైవేటు విండో తెరిచి, తెలుగు కీబోర్డుతో "గోంగూర పచ్చడి" వరకు కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనలు రాసుకోండి. ఆ తర్వాత ఒక ఖాళీ వదిలి అ, ఆ, క, ధ అంటూ ఒక్కో అక్షరం కలపండి. "ఎలా", "ధర", "కిలో", "అంటే" కూడా కలిపి చూడండి. ఫలితాల పేజీలో జనం అడిగే ప్రశ్నల పెట్టె ఉంటుంది, అట్టడుగున సంబంధిత సెర్చ్‌లు ఉంటాయి, వాటినీ వదలొద్దు. ఇదంతా మీరున్న ఊరిని బట్టి మారుతుంది. అందుకే నేను హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడితో అదే పని చేయించి స్క్రీన్‌షాట్లు తెప్పించుకుంటాను. బెజవాడలో కూర్చుని చూస్తే బెజవాడే కనిపిస్తుంది.

సైటు ఇప్పటికే నడుస్తుంటే అసలు గని సెర్చ్ కన్సోల్, జనం ఏ మాటలతో వెతికితే మీ సైటు కనిపించిందో చూపే గూగుల్ టూల్. పనితీరు రిపోర్టులో మీ పేజీని ఎంచుకుని, ప్రశ్నల (జనం వెతికిన మాటల) జాబితాను ఇంప్రెషన్ల వరసలో, అంటే మీ పేజీ ఫలితాల్లో కనిపించిన సార్లను బట్టి, పెట్టండి. కనిపించిన సార్లు చాలా ఉండి, క్లిక్కులు సున్నా ఉన్న మాటలు ఏవో చూడండి. గూగుల్ మిమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్లింది, ఆ మాట మీ పేజీలో కనబడక మనిషి పక్కకి పోయాడని అనుమానించాల్సిన చోటు అదే. అన్ని ప్రశ్నలూ అందులో చూపించరు, మరీ అరుదైనవి దాచేస్తారు. అందుకే నోటుపుస్తకం.

గూగుల్ ట్రెండ్స్‌లో రెండు మాటల్ని పోల్చొచ్చు కానీ తెలుగు మాటలకు చాలాసార్లు సరిపడా డేటా లేదనే వస్తుంది. నేను దాని మీద పెద్దగా ఆధారపడను.

మూడో అడుగు: మూడు కుప్పలు

ఏరిన మాటలన్నీ ఒక షీట్‌లో వేసి మూడు కుప్పలు చేయండి. ఈ పని తొందరపడితే మిగతాదంతా తప్పుతుంది, అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

ఒకటో కుప్ప, అదే సరుకుకి ఇంకో పేరు. గోంగూరకి పుంటికూర. పండుమిర్చి పచ్చడికి కొరివికారం. సొరకాయకి ఆనపకాయ. బంగాళాదుంపకి ఆలుగడ్డ, ఉర్లగడ్డ.

రెండో కుప్ప, చుట్టపు మాటలు. అవి సరుకు పేరు కాదు, సరుకు చుట్టూ ఉండేవి: ఎర్ర గోంగూర, మెంతులు, చింతపండు, తడి తగలకుండా, ఎన్ని నెలలు నిల్వ, లీకవకుండా ప్యాకింగ్, విదేశాలకు కొరియర్. వీటిలో ప్రతిదాని వెనకా ఒక ప్రశ్న ఉంటుంది. మాట పక్కనే ఆ ప్రశ్న రాసుకోండి. ప్రశ్న దొరకని మాటని తీసేయండి.

మూడో కుప్ప, చూడ్డానికి చుట్టాల్లా ఉండి నిజానికి ఇంకో ఇంటివాళ్లు. నష్టం వచ్చేది వీటితోనే. పచ్చడి అన్న మాటే తీసుకోండి. మన దగ్గర పొద్దున రోట్లో నూరింది పచ్చడే, ఏడాది జాడీలో ఉండేదీ పచ్చడే. వంకాయ పచ్చడి కోసం వెతికేవాడు కొనడానికి రాలేదు, వండుకోవడానికి వచ్చాడు. అందుకే అమ్మే పేజీలో "నిల్వ పచ్చడి", "ఊరగాయ" అన్న మాటలు తప్పనిసరి. ఇవి పర్యాయపదాల కోసం కాదు, ఏ పచ్చడో విడదీసి చెప్పడానికి.

ఉసిరి ఇంకా తమాషా. పెద్ద ఉసిరి వేరు, గీతలుండే పుల్లటి చిన్న రాచ ఉసిరి వేరు, పెరట్లో మొలిచే నేల ఉసిరి అసలు మొక్కే వేరు. నేను ఒకసారి తెలివిగా మూడింటినీ ఉసిరి పచ్చడి పేజీలో పేర్చాను. పిన్నిగారు చదివి, "నేల ఉసిరి కామెర్ల మందుకి వాడతారు బాబూ, దాంతో ఊరగాయ ఎవరు పెడతారు?" అన్నారు. ఆ రోజు నుంచి ఏ షీటైనా సరుకు తెలిసినవాళ్లు చూడందే నేను ముట్టుకోను.

కారం సంగతి సరేసరి. కారప్పొడి అంటే మన ఇళ్లలో ఇడ్లీలో నంజుకునేది, ఇంకొకరికి అది వట్టి మిరప్పొడి. ఇక "గుంటూరు కారం" అన్న మాటని 2024 సంక్రాంతికి అదే పేరుతో వచ్చిన సినిమా పట్టుకుపోయింది. ఆ రెండు పదాలతోనే పైకి రావాలని పోరాడడం కంటే "గుంటూరు మిర్చి కారం కిలో", "కూరల్లోకి కారం పొడి" లాంటి చోట్ల కూర్చోవడం మేలు.

మనిషి మారితే కుప్పలూ మారతాయి. మిర్చి యార్డు సరుకు అమ్మే సైటుకి రాసేటప్పుడు తేజ, 334 రకాలు, తాలు (నాసిరకం కాయ), టిక్కీ (బస్తా), ముచ్చికలు తీసిన కాయ అంటేనే కొనేవాడు నమ్ముతాడు. ఎగుమతి చేసేవాడు తేజని ఎస్17 అని అడుగుతాడు. అదే కాయ ఇంట్లోకి కొనే ఆవిడకి "బాగా కారంగా ఉండే ఎండుమిర్చి", రంగు కావాలంటే బ్యాడిగి. ఈ ఇద్దర్నీ ఒకే పేజీలో కూర్చోబెడితే ఇద్దరూ లేచిపోతారు.

నాలుగో అడుగు: ఒకే పేజీయా, రెండా?

పుంటికూర తొక్కుకి వేరే పేజీ పెట్టాలా అన్నది తేల్చడానికి నా పద్ధతి మోటుగా ఉంటుంది. రెండు మాటల్నీ విడివిడిగా సెర్చ్ చేసి, మొదటి పది ఫలితాలు పక్కపక్కన పెడతాను. సగానికి పైగా అవే పేజీలు వస్తే గూగుల్ లెక్కలో రెండూ ఒకటే, ఒక్క పేజీ చాలు. ఫలితాలు పూర్తిగా వేరైతే, ఒకదానికి వంట వీడియోలు, ఇంకోదానికి దుకాణాలు వస్తుంటే, రెండు పేజీలు.

ఊళ్ల పేర్లతో మాత్రం ఈ ఆట ఆడకండి. తెనాలి పచ్చళ్లు, మంగళగిరి పచ్చళ్లు, సత్తెనపల్లి పచ్చళ్లు అంటూ ఊరి పేరు మార్చి అదే పేజీని ఇరవైసార్లు పెట్టడం గూగుల్ స్పామ్ నియమాల్లో పేరుపెట్టి కాదన్న పని.

అయిదో అడుగు: ఎక్కడ పెట్టాలి

నా పాత పాపం ఒకటి చెప్పుకోవాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు వన్‌టౌన్‌లో ఒక షాపు పేజీలో "విజయవాడ పచ్చళ్లు" అని 31 సార్లు రాశాను. పేజీ అడుగున ఫుటర్‌లో తెల్ల రంగు మీద తెల్ల అక్షరాలతో ఇంకొన్ని. చాలక పేజీ కోడ్‌లో జనానికి కనపడని కీవర్డ్స్ మెటా ట్యాగ్‌లో అర పేజీ. ఆ ట్యాగ్‌ని ర్యాంకింగ్‌కి అసలు వాడమని గూగుల్ 2009లోనే చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. దాచిన అక్షరాలు, మాటలు కుక్కడం రెండూ స్పామే. ఆ పేజీ పైకి రాలేదు, షాపాయన డబ్బులు మాత్రం పోయాయి.

ఇప్పుడు చేసేది ఇలా. టైటిల్‌లో ప్రధానమైన మాట ఒకటి, బాగా వాడుకలో ఉన్న రెండో పేరు ఒకటి: "గోంగూర నిల్వ పచ్చడి (పుంటికూర తొక్కు), గుంటూరు ఇంటి తయారీ". పెద్ద శీర్షికలో అదే మళ్లీ అక్కర్లేదు, ప్రధానమైన మాట చాలు. మొదటి పేరాలో రెండో పేరు ఒక్కసారి మామూలు వాక్యంలో రావాలి. ఉపశీర్షికలు రెండో కుప్పలోని ప్రశ్నల నుంచి పుట్టాలి. ఫోటోకి కోడ్‌లో ఇచ్చే వివరణ, అంటే ఆల్ట్ టెక్స్ట్‌లో ఫోటోలో ఏముందో అదే రాయండి, "గాజు సీసాలో ఎండుమిర్చి గోంగూర పచ్చడి" అని. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకు ఇచ్చేటప్పుడు "ఇక్కడ నొక్కండి" బదులు "కొరివికారం" అని లింకులోనే రాస్తే ఇంకో పేరుకి మంచి చోటు దొరికినట్టే.

పిన్నిగారి పేజీ ముందు ఇలా ఉండేది:

"గుంటూరు గోంగూర పచ్చడి కొనండి. మా గోంగూర పచ్చడి నాణ్యమైన గోంగూర పచ్చడి. గోంగూర పచ్చడి ఆన్‌లైన్‌లో కావాలంటే మమ్మల్ని సంప్రదించండి."

ఇప్పుడిలా ఉంది:

"ఎర్ర గోంగూర కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, నువ్వులనూనెలో మగ్గబెట్టి, ఎండుమిర్చి, మెంతులు, చింతపండు వేసి నూరిన నిల్వ పచ్చడి. తెలంగాణవైపు దీన్నే పుంటికూర తొక్కు అంటారు. వెల్లుల్లి వేయనిదీ దొరుకుతుంది, ఆర్డరులో చెప్పండి. తడి చెంచా పెట్టకుండా గాజు సీసాలో ఉంచుకోండి. వేడన్నంలో కలుపుకుని పచ్చి ఉల్లిపాయ నంజుకోండి."

రెండోదాంట్లో గోంగూర అన్న మాట ఒక్కసారే ఉంది, పుంటికూర ఒక్కసారి, తొక్కు ఒక్కసారి. మిగతా చోటంతా చుట్టపు మాటలదే. గట్టిగా చదివి చూడండి, నాలుక ఎక్కడా తడబడదు. నాకున్న పరీక్ష అదే: పిన్నిగారు ఫోన్‌లో ఈ మాటల్ని ఇలాగే చెప్పగలరా? చెప్పలేకపోతే వాక్యం మార్చాల్సిందే.

ఆరో అడుగు: తెలుగు అక్షరాల తగువులు

ఇంగ్లీషు గైడ్లలో ఇవి ఉండవు. మొదటిది, ఫాంట్లు. బెజవాడ ప్రెస్సుల్లో డీటీపీ చేసినదంతా చాలావరకు 'అను' అనే పేరున్న పాత ఫాంట్లలో ఉంటుంది. కరపత్రంలోని మ్యాటరు అలాగే తెచ్చి సైటులో అతికిస్తే గూగుల్‌కి కనిపించేది పిచ్చి గుర్తులు. ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక ఒత్తులు ఒక్కొక్కటే చూడండి. ఫ్లెక్సీ డిజైన్ బొమ్మగా పెట్టి అందులో పచ్చళ్ల పేర్లన్నీ ఉన్నాయి కదా అనుకోవద్దు. బొమ్మలో రాత పేజీలో రాతకు సాటి రాదు.

రెండోది, ఒకే మాటకి రెండు రాతలు. పచ్చళ్లు, పచ్చళ్ళు. మిరపకాయ, మిరప కాయ. ఆన్‌లైన్ అన్నప్పుడు న్ తర్వాత కంటికి కనపడని విడదీసే అక్షరం ఒకటి ఉంటుంది, అది లేకపోతే ఆన్లైన్ అయి ఒత్తు పడుతుంది. వీటన్నిటినీ పేజీలో వరసగా పేర్చక్కర్లేదు. ఒక రాత ఎంచుకుని సైటంతా అదే వాడండి, ఇంకోటి సమీక్షల్లో జనమే రాస్తారు.

విభక్తుల గురించి బెంగ వద్దు. "విజయవాడ పచ్చళ్లు" అన్న ముక్క చెక్కుచెదరకుండా రావాలని వాక్యాన్ని విరగ్గొట్టేవాళ్లున్నారు. "విజయవాడలో పెట్టిన పచ్చళ్లు" అంటే చాలు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి వెతికేవాళ్ల సంగతి వేరు. పచ్చడికి సి ఒకటా రెండా, డి తర్వాత హెచ్ ఉందా లేదా, గోంగూరకి యు ఒకటా ఓలు రెండా అన్నదాంట్లో ఏ ఇద్దరికీ పొత్తు కుదరదు. సెర్చ్ కన్సోల్‌లో ఎక్కువ కనిపించిన రాత ఒకటి పట్టుకుని టైటిల్ చివర్లోనో, పేజీ చిరునామాలోనో పెట్టండి. చిరునామా ఎలాగూ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండడం మంచిది. తెలుగులో పెడితే వాట్సాప్‌లో పంపేటప్పుడు శాతం గుర్తుల తోరణమై పోతుంది.

ఏడో అడుగు: మ్యాప్స్

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో షాపు పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. పేరు చివర "బెస్ట్ పచ్చళ్లు గుంటూరు ఊరగాయ" అని తోకలు తగిలిస్తే నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్ ఆపేసే ప్రమాదం ఉంది. ఇంకో పేర్లన్నీ ఉత్పత్తుల జాబితాలో ఒక్కోదాని వివరంలో రాయండి. మీ సైటులో సంప్రదింపుల పేజీలో దారి చెప్పేటప్పుడు జనం చెప్పుకునే గుర్తులే వాడండి, శంకర్ విలాస్ సెంటర్ నుంచి ఎటు తిరగాలో, బ్రాడీపేట ఎన్నో లైనో.

ఎనిమిదో అడుగు: ఫలితం చూడడం

మార్చిన తేదీ షీట్‌లో రాసుకోండి. ఒక్కసారి ఒక్క పేజీనే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. సెర్చ్ కన్సోల్‌లో పేజీ చిరునామా ఇచ్చి మళ్లీ చూడమని అడగొచ్చు. ఆ తర్వాత నాలుగు వారాలు ఆ పేజీ జోలికి పోవద్దు. రోజూ తెరిచి చూస్తే అన్నం ఉడికిందా లేదా అని నిమిషానికోసారి మూత తీసినట్టుంటుంది.

నాలుగు వారాలయ్యాక, ముందు 28 రోజులతో పోల్చండి. మొత్తం క్లిక్కుల కంటే ముందు ప్రశ్నల జాబితా చూడండి. కొత్తగా చేర్చిన పేరుతో ఇంప్రెషన్లు మొదలయ్యాయా? పాత ప్రధానమైన మాట స్థానం జారిందా? పాతది జారి, కొత్తది రాకపోతే మీరు పేజీని రెండు పడవల్లో నిలబెట్టారన్న మాట, నాలుగో అడుగుకి వెనక్కి వెళ్లండి.

పచ్చళ్లవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. మామిడికాయ కాలంలో ఆవకాయ సెర్చ్‌లు వాటంతట అవే లేస్తాయి, అది మీ గొప్ప కాదు. ఏప్రిల్‌ని మార్చితో కాకుండా పోయిన ఏప్రిల్‌తో పోల్చండి. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్క దాచి ఉంచుతుంది కాబట్టి ఈ పోలిక వీలవుతుంది. అంతకంటే పాతది కావాలంటే మీరే దించి పెట్టుకోవాలి.

ఆవకాయ పేజీ మాత్రం ఫిబ్రవరిలోనే సరిచేసేయండి. కాయ మార్కెట్లోకి దిగాక మాటలు ఏరడం మొదలుపెడితే, గూగుల్ కంట్లో పడేసరికి జనం ఇళ్లలో జాడీలకు వాసెన కట్టేసి ఉంటారు.